పెంగ్విన్లను వాటి దీవుల్లోనే చూడాలంటే, పెద్ద వయసు వారు ఎటు వెళ్లడం మంచిది?

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. మావారు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. పెంగ్విన్ల పాఠం వచ్చినప్పుడల్లా, తాను చూడని జీవి గురించి చెబుతున్నానన్న వెలితి ఆయనకు ఉండేది. ముంబయిలో బైకుల్లా జంతు ప్రదర్శనశాలకు వెళ్లి హంబోల్ట్ పెంగ్విన్లను చూసి వచ్చాము గానీ, చల్లబరిచిన గదిలో అద్దం వెనుక ఈదే పక్షిని చూసినంత మాత్రాన ఆ వెలితి తీరలేదు. వాటి సొంత తీరంలో, గూళ్ల మధ్య, ఆ గాలితోనూ ఆ వాసనతోనూ కలిపి చూడాలన్న కోరిక ఆయనలో ఇంకా బలపడింది.

ఒక ప్రయాణ సంస్థవారు దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్ దీవులు, సౌత్ జార్జియా, అంటార్కిటికా ద్వీపకల్పం మూడూ కలిపి దాదాపు మూడు వారాల ఓడ ప్రయాణాన్ని సూచించారు. విమాన ఛార్జీలు కాక మనిషికి పన్నెండు లక్షల రూపాయలు దాటుతోంది. డబ్బు సంగతి మేము చూసుకోగలం. మేమిద్దరమూ శ్రీశైలం జలాశయంలో తప్ప మరెక్కడా పడవ ఎక్కి ఎరుగము. ఆయనకు మోకాళ్ల నొప్పి ఉంది. నిదానంగా నడవగలరు, మెట్లు ఎక్కగలరు గానీ, ఊగుతున్న పడవలోకి దిగడం, ఎక్కడం కష్టమని నా భయం. వీటికి తోడు, బర్డ్ ఫ్లూ ఆ దీవుల దాకా పాకిందని చదివినప్పటి నుంచి, ఆ జీవులు అలా చనిపోతుంటే మనం చూడటానికి వెళ్లడం న్యాయమేనా అని ఆయనే సందేహిస్తున్నారు. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడికి దగ్గరలోని ఒక దీవిలో చిన్న పెంగ్విన్లు ఉన్నాయని, వాటిని చూసి తృప్తిపడమని ఆమె సలహా. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పెన్నహోబిలం (అనంతపురం):

అమ్మా, నమస్కారం. నేను సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాను. ఉద్యోగంలో ఉండగా దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లినా, ఒక్క పెంగ్విన్‌ను కూడా సరిగా చూసింది లేదు. ఉద్యోగం మానేసిన తరువాత ఫాక్లాండ్ దీవులకు విమానంలో వెళ్లి చూసి వచ్చాను. కాబట్టి సముద్రం గురించీ, ఆ దీవుల గురించీ నాకు తెలిసినంత చెబుతాను.

దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దాటిన తరువాత గాలిని అడ్డుకునే నేల దాదాపుగా లేదు. పడమటి గాలులు భూగోళం చుట్టూ ఆగకుండా తిరుగుతూ అలలను పెంచుతాయి. దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికాకూ మధ్య డ్రేక్ జలసంధి అత్యంత ఇరుకైన చోట కూడా 800 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది; మొత్తం సముద్రమంతా ఆ సందులో నుంచే తోసుకుపోవాలి. మీకు చెప్పిన ప్రయాణంలో అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి ఫాక్లాండ్‌కు ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి సౌత్ జార్జియాకు రెండు రోజులకు పైగా, అక్కడి నుంచి ద్వీపకల్పానికి మరో రెండు మూడు రోజులు, తిరుగు ప్రయాణంలో డ్రేక్ జలసంధి మీద రెండు రోజులు పడుతుంది. అంటే మీరు డబ్బు కట్టే మూడు వారాల్లో వారానికి పైగా తెరిచిన సముద్రం మీదే గడుస్తుంది. మాత్రలు వేసుకుంటే చాలామందికి వాంతులు ఆగుతాయి, కానీ వాటి మత్తు ఉంటుంది. మోకాళ్ల సంగతికి వస్తే, అసలు పరీక్ష ఓడలో కాదు, ఓడ నుంచి ఒడ్డుకు తీసుకువెళ్లే రబ్బరు పడవలో ఉంటుంది. ఆ దీవుల్లో రేవులు ఉండవు. అల తగ్గిన క్షణం చూసి పడవలోకి అడుగు వేయాలి. ఒడ్డున పడవ అంచు మీద కూర్చుని, కాళ్లు అవతలికి తిప్పి, మోకాలి లోతు చల్లటి నీటిలోకి దిగాలి. సిబ్బంది చేయి పట్టుకుంటారు, నిజమే. అయినా రోజుకు రెండుసార్లు ఆ పని చేయగలరా అన్నది మీరు నిజాయితీగా ఆలోచించవలసిన విషయం.

ఫాక్లాండ్ దీవులకు మాత్రం ఓడ అక్కర్లేదు. చిలీలోని శాంటియాగో నుంచి పుంటా అరేనాస్ మీదుగా వారానికి ఒకసారి, శనివారం నాడు, ప్రయాణికుల విమానం మౌంట్ ప్లెజంట్ విమానాశ్రయానికి వస్తుంది. తిరిగి పోవాలన్నా మరో శనివారం దాకా ఆగాలి కాబట్టి, ఒక వారమా రెండు వారాలా అన్నది ముందే తేల్చుకోవాలి. గాలి ఎక్కువై విమానం ఆగిపోతే మీ లెక్కలన్నీ తారుమారవుతాయి గనుక, వెనక్కి వచ్చేటప్పుడు శాంటియాగోలో రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. దీవుల మధ్య తిరగడానికి అక్కడి ప్రభుత్వమే చిన్న విమానాలు నడుపుతుంది. మనుషులను కూడా తూకం వేసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో పైలట్ చెబుతాడు. రేపు ఏ విమానం ఎప్పుడు ఎక్కడికి పోతుందన్నది ముందు రోజు సాయంత్రం గానీ తేలదు. గడ్డి నేల మీద దిగి, పది అడుగులు నడిచేసరికి పెంగ్విన్లు ఎదురుపడే చోట్లు కూడా ఉన్నాయి.

అక్కడ గుడ్లు పెట్టే పెంగ్విన్లు ఐదు జాతులు: కింగ్, జెంటూ, రాక్‌హాపర్, మెగలానిక్, మకరోని. చివరిది కొద్దిగానే, రాక్‌హాపర్ల మధ్య కలిసి కనిపిస్తుంది. మీకు సీ లయన్ దీవి అన్నిటికంటే అనుకూలమని నా అభిప్రాయం. చిన్న దీవి, ఎక్కువ భాగం చదునైన నేల, బస చేసే ఇంటి దగ్గరలోనే జెంటూ పెంగ్విన్ల గుంపులు. ఇసుక తీరంలో ఏనుగు సీళ్లు గుట్టలుగా పడి ఉంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వాటి ఈనే కాలం. ఆ పిల్లల కోసం ఓర్కా తిమింగలాలు ఒడ్డుకు అతి చేరువగా వస్తాయి. ఆ దీవికి ఎలుకలు, పిల్లులు ఎన్నడూ చేరలేదు కాబట్టి, మిగతా చోట్ల అరుదైపోయిన చిన్న పిట్టలు అక్కడ మనుషుల కాళ్ల దగ్గరే తిరుగుతాయి. సాండర్స్ దీవిలో రెండు కొండల మధ్య సన్నటి ఇసుక మెడ లాంటి చోటు ఉంది. అక్కడ నాలుగు జాతుల పెంగ్విన్లనూ, నల్లకనుబొమల ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షులనూ ఒకే రోజు చూడవచ్చు. ఈ ఆల్బట్రాస్ జాతిలో సగానికంటే చాలా ఎక్కువ భాగం ఫాక్లాండ్‌లోనే గూళ్లు కడుతుంది. అయితే సాండర్స్‌లో దారి అనేది పేరుకే. జీపు కుదుపులకు మోకాళ్లకంటే ముందు నడుము చెబుతుంది.

కింగ్ పెంగ్విన్ల కోసం అందరూ వాలంటీర్ పాయింట్‌కు వెళతారు. రాజధాని స్టాన్లీ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. చివరి భాగంలో రోడ్డు లేదు, బురద నేల మీదుగా అలవాటైన డ్రైవరు మాత్రమే నడపగలడు. అంత దూరం కూర్చోగలిగితే తప్పక వెళ్లండి. ఒక పిల్లను పెంచడానికి కింగ్ పెంగ్విన్‌కు ఏడాదికి పైగా పడుతుంది గనుక, ఎప్పుడు వెళ్లినా గోధుమరంగు బొచ్చు పిల్లలు కనిపిస్తాయి. వెనుకటి నావికులు ఆ పిల్లలను వేరే జాతి అనుకున్నారని అంటారు.

1982లో బ్రిటన్‌కూ అర్జెంటీనాకూ మధ్య జరిగిన యుద్ధంలో పాతిన మందుపాతరల గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. కంచెలు వేసిన ఆ తీరాల్లో మనుషులు అడుగుపెట్టలేక, పేలుడుకు సరిపడా బరువు లేని పెంగ్విన్లు మాత్రం హాయిగా సంసారం చేసుకున్నాయి. 2020 నవంబరులో తొలగింపు పూర్తయినట్లు ప్రకటించారు. భయపడవలసింది గాలికి. అక్కడి నడివేసవి మధ్యాహ్నం మన డిసెంబరు తెల్లవారుజాముకంటే చల్లగా ఉంటుంది.

లంకమల (బద్వేలు, కడప జిల్లా):

పెన్నహోబిలం గారు సముద్రం గురించి రాసినది అక్షరాలా నిజం. అయితే సౌత్ జార్జియాను ఆయన కేవలం రోజుల లెక్కలోకి దించేశారు, దానితో నేను ఏకీభవించను. జంతుశాస్త్రం బోధించిన అయ్యవారికి ప్రపంచంలో చూడదగిన దీవి ఒక్కటే చెప్పమంటే నేను దానినే చెబుతాను. సెయింట్ ఆండ్రూస్ బే అనే ఒక్క తీరంలోనే లక్షకు పైగా కింగ్ పెంగ్విన్ జంటలు ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది ఆ దీవి చరిత్ర. 1904లో గ్రిట్వికెన్‌లో తిమింగలాల వేట కేంద్రం పెట్టి, అరవై ఏళ్లపాటు సముద్రాన్ని ఊడ్చేశారు. బొచ్చు కోసం సీళ్లను అంతకుముందే దాదాపు తుడిచిపెట్టారు. ఓడలతో వచ్చిన ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ తిని, ఆ దీవికే ప్రత్యేకమైన పిపిట్ పిట్టను తీరం వెంబడి ఉన్న చిన్న దీవులకు తరిమేశాయి. ఆ తరువాత వేట ఆగింది, సీళ్లు లక్షల్లో తిరిగివచ్చాయి, హెలికాప్టర్లతో మందు చల్లి ఎలుకలను నిర్మూలించారు, 2018లో దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు, పిపిట్ మళ్లీ పాడుతోంది. పాడుచేసిన చేతులే బాగు చేయగలిగిన ఉదాహరణలు మనకు ఎక్కువ లేవు. కానీ అక్కడ విమానాశ్రయం లేదు, ఓడ తప్ప దారి లేదు, ఆ రబ్బరు పడవ తప్పదు. మోకాళ్లు ఒప్పుకోకపోతే అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

మీరు అడిగిన న్యాయం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బర్డ్ ఫ్లూకు కారణమైన హెచ్5ఎన్1 వైరస్ సౌత్ జార్జియాలో 2023 అక్టోబరులో బయటపడింది. మొదట చనిపోయినవి స్కువా పక్షులు. దక్షిణ అమెరికా వైపు నుంచి ఎగిరి వచ్చిన పక్షులే దానిని మోసుకొచ్చాయని శాస్త్రవేత్తల అంచనా, సందర్శకులు కాదు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఏనుగు సీళ్లు. అక్కడి మూడు అతిపెద్ద తీరాల్లో ఈనడానికి వచ్చే ఆడ సీళ్ల సంఖ్య 2022కూ 2024కూ మధ్య దాదాపు సగానికి పడిపోయింది. మనం వెళ్లకపోతే ఈ వ్యాధి ఆగదు, అది సరే. కానీ వ్యాధి ఉన్న తీరం నుంచి లేని తీరానికి దానిని మన బూట్లు మోసుకుపోగలవు. అందుకే ఇప్పుడు ఓడల వారు ఒడ్డున కూర్చోనివ్వరు, మోకరిల్లనివ్వరు, సంచి కింద పెట్టనివ్వరు. దిగేముందూ ఎక్కేముందూ బూట్లను మందు నీళ్లలో కడిగిస్తారు. జీవులు చనిపోయి పడి ఉన్న తీరాన్ని పూర్తిగా మూసివేసి, పడవలో నుంచే చూపించి తీసుకువస్తారు. ఆ మాటకు కట్టుబడగలిగినవారు వెళ్లడంలో నాకు తప్పు కనిపించదు. డబ్బు కట్టాం కదా అని ఫొటో కోసం గొడవపడేవారు మాత్రం ఇంట్లో ఉండటమే ఆ జీవులకు మేలు.

విత్తనాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చేను గట్టున నడిచి వస్తే ఉత్తరేణి గింజలు పంచె అంచుకు పట్టుకుని ఇంటిదాకా వచ్చినట్లే, మన దుస్తుల అతుకు పట్టీల్లో, సాక్సుల్లో, కెమెరా సంచి మడతల్లో ఇరుక్కున్న గడ్డి గింజలు ఆ దీవులకు చేరతాయి. అక్కడ మొలిచిన పరాయి గడ్డిని పీకడానికి ఏళ్లు పడుతుంది. ఓడ సిబ్బంది పట్టకారుతో ఒక్కొక్క గింజనూ తీయిస్తారు. మీరు ఎక్కడికి వెళ్లినా ఈ పని కర్నూలులోనే మొదలుపెట్టండి. పొలాల్లో తొడిగిన బూట్లు అసలు తీసుకువెళ్లకండి.

పెంగ్విన్లు మనిషిని చూసి పారిపోవు. నేల మీద వాటిని వేటాడే పెద్ద జంతువులు సౌత్ జార్జియా వంటి దీవుల్లో ఎన్నడూ లేవు; వాటి శత్రువులైన లెపర్డ్ సీలూ ఓర్కా నీటిలో ఉంటాయి, స్కువా పైనుంచి వస్తుంది. కదలకుండా కూర్చుంది కాబట్టి దానికి మన వల్ల ఇబ్బంది లేదని అనుకోవడం పొరపాటు. గూటి మీది పక్షి కదలకపోయినా, మనిషి దగ్గరికి వస్తే దాని గుండె వేగం పెరుగుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. అది ఒక్క క్షణం లేచి నిలబడితే చాలు, స్కువా గుడ్డును ఎత్తుకుపోతుంది. ఐదు మీటర్ల దూరం పాటించమనే నియమం వెనుక ఉన్నది ఇదే. పక్షే నడిచి మీ దగ్గరికి వస్తే కదలకుండా నిలబడండి, చేయి చాపకండి. సముద్రానికీ గూళ్లకూ మధ్య అవి నడిచే బాటకు అడ్డంగా నిలబడితే, కడుపులో చేపలతో వచ్చిన తల్లో తండ్రో అక్కడే ఆగిపోతుంది, పిల్ల ఆకలితో అరుస్తూ ఉంటుంది. ఈకలు మార్చుకుంటున్న పక్షికి మరింత దూరంగా ఉండాలి. కొత్త ఈకలు వచ్చేదాకా అది నీటిలోకి దిగలేదు, వారాల తరబడి తిండి లేకుండా ఒంటిలోని కొవ్వుతోనే బతుకుతుంది.

మా వైపు, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షిని 1986లో మళ్లీ కనుగొన్న తరువాత, దానిని చూడాలని రాత్రిళ్లు పొదల్లో టార్చిలైట్లతో తిరిగినవారి గురించి వింటూ పెరిగినవాణ్ణి. అందువల్ల నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించండి.

గండికోట (జమ్మలమడుగు):

ఎవరూ దక్షిణాఫ్రికా పేరు ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కేప్‌టౌన్ దగ్గర సైమన్స్ టౌన్‌లోని బౌల్డర్స్ తీరంలో ఆఫ్రికా పెంగ్విన్లను చెక్క వంతెన మీద నడుస్తూ చూడవచ్చు. పడవ లేదు, చలి లేదు, మోకాళ్లకు శ్రమ లేదు. అది దీవి కాదు, చుట్టూ ఇళ్లున్న తీరం. 1982లో రెండు జంటలతో మొదలైన గుంపు అది. అయితే ఈ జాతి మొత్తానికి తిండి చేపలు తగ్గిపోయి, 2024లో దానిని తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చారు. మావంటి మధ్యతరగతి వారికి అందే ఖర్చులో ఉన్నది ఇదేనని నా ఉద్దేశం.

కొండారెడ్డి బురుజు (మెల్‌బోర్న్):

అమ్మా, మాది కర్నూలు పాతబస్తీ, ఇప్పుడు ఉంటున్నది మెల్‌బోర్న్‌లో. మీ అమ్మాయి చెప్పినది ఫిలిప్ ఐలాండ్. నగరం నుంచి రెండు గంటల లోపు కారు ప్రయాణం; దీవిని వంతెనతో కలిపారు కాబట్టి దిగకుండానే చేరిపోతారు. అక్కడివి పెంగ్విన్లలో అన్నిటికంటే చిన్న జాతి, అడుగుకంటే కొంచెం ఎక్కువ ఎత్తు, కిలో బరువు. పగలంతా సముద్రంలో వేటాడి, చీకటి పడ్డాక గుంపులుగా ఒడ్డెక్కి, ఇసుక దాటి బొరియల్లోకి పోతాయి. దానిని చూడటానికి మెట్ల వరుసలు కట్టారు, వందల మంది కూర్చుంటారు. ఫొటోలు, వీడియోలు పూర్తిగా నిషేధం.

నన్ను అడిగితే, ఇది మీవారి కోరికకు సమాధానం కాదు. జనం, బస్సులు, దుకాణం, ప్రకటనలు అన్నీ ఉంటాయి. అయినా ఆయనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఆ పెంగ్విన్లు ఉండే సమ్మర్‌ల్యాండ్ ద్వీపకల్పంలో ఒకప్పుడు ఇళ్ల కాలనీ ఉండేది. 1985 నుంచి ప్రభుత్వం ఒక్కొక్క ఇంటినీ కొని, కూల్చి, 2010 నాటికి నేలనంతా పక్షులకు అప్పగించింది. కుక్కలు, నక్కలు, కార్ల వల్ల అంతరించబోయిన గుంపు నేడు వేల సంఖ్యలో ఉంది. టికెట్టు డబ్బు కూడా ఆ పనికే పోతుంది. డిసెంబరులో వస్తే సూర్యాస్తమయం తొమ్మిది గంటలకు దగ్గర పడుతుంది, పెంగ్విన్లు ఆ తరువాతే వస్తాయి. ఎంత ఎండాకాలమైనా ఆ మెట్ల మీద చలిగాలి కోస్తుంది కాబట్టి స్వెట్టరు మరచిపోకండి. ఇక్కడి విమానాశ్రయంలో తినుబండారాలన్నిటినీ కార్డులో రాసి చూపించాలి. విత్తనాలు, పచ్చి దినుసులు దాచి తెస్తే జరిమానా గట్టిగా వేస్తారు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. మావారికి అన్నీ చదివి వినిపించాను. సౌత్ జార్జియా గురించి విన్నంతసేపు ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు, ఆ తరువాత రబ్బరు పడవ దగ్గరికి వచ్చేసరికి తానే వద్దన్నారు. ఇప్పుడు మా మనసు ఫాక్లాండ్ వైపు మొగ్గుతోంది. నిర్ణయించుకునే ముందు రెండు సందేహాలు తీర్చండి. గలాపగోస్ దీవుల్లోనూ పెంగ్విన్లు ఉన్నాయని, అక్కడ చలి ఉండదని మా తమ్ముడు అంటున్నాడు. అది మాకు మేలవుతుందా? మేము శాకాహారులం, ఫాక్లాండ్‌లో రెండు వారాలు ఎలా గడుస్తుంది?

లంకమల (బద్వేలు, కడప జిల్లా):

గలాపగోస్ నిజంగా గొప్ప చోటే. రాక్షసి తాబేళ్లు, సముద్రంలో మేసే ఉడుములు, నీలిపాదాల బూబీ పక్షులు, డార్విన్ చూసిన నేల; జంతుశాస్త్రం చెప్పినవారికి చెప్పనక్కర్లేదు. కానీ పెంగ్విన్ కోసమే వెళితే నిరాశ కలగవచ్చు. భూమధ్యరేఖకు అటూ ఇటూ బతికే పెంగ్విన్ అది ఒక్కటే. లోతు నుంచి పైకి వచ్చే చల్లటి ప్రవాహమే దానికి ఆధారం కాబట్టి ఇసబెలా, ఫెర్నాండినా దీవుల చుట్టూనే ఎక్కువగా ఉంటుంది. ఎల్ నినో వచ్చి నీళ్లు వేడెక్కితే చేపలు పోతాయి. 1982–83లోనూ 1997–98లోనూ సగానికంటే ఎక్కువ పక్షులు చనిపోయాయి. ఇప్పుడు ఉన్నవి కొన్ని వేలకు మించవు. ఇసబెలాలో రేవుకు ఎదురుగా లాస్ టింటోరెరాస్ అనే చిన్న దీవి దగ్గర రాళ్ల మీద రెండో మూడో కనిపించవచ్చు. గుంపులుగా చూడాలనుకుంటే అది చోటు కాదు. ఒకవేళ వెళ్లేటట్లయితే, ఈక్వడార్ రాజధాని, ఎత్తైన కీటో నగరంలో ఆగకుండా సముద్రమట్టంలోని గ్వాయాకిల్ మీదుగా వెళ్లండి. పార్కు ప్రవేశ రుసుమును 2024 ఆగస్టు నుంచి విదేశీయులకు 200 డాలర్లు చేశారు.

పెన్నహోబిలం (అనంతపురం):

తిండి గురించి నేను చెబుతాను. అది గొర్రెల దేశం. జనాభా నాలుగు వేలు కూడా ఉండదు, గొర్రెలు లక్షల్లో ఉంటాయి. కూరగాయలు దొరుకుతాయి గానీ రకాలు తక్కువ, ధర ఎక్కువ. గది అడిగేటప్పుడే శాకాహారులమని రాతపూర్వకంగా చెబితే బంగాళాదుంప, గుడ్డు, చీజ్, రొట్టె, సూప్‌తో సర్దుతారు. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట వేరుగా రాయండి, లేకపోతే మూడు పూటలా అదే పెడతారు. పొడులు తీసుకువెళ్లాలనుకుంటే దుకాణంలో సీలు వేసినవి మాత్రమే, అవీ అక్కడి అధికారులను ముందుగా అడిగి తీసుకువెళ్లండి. లంకమల గారు చెప్పిన విత్తనాల నియమం ఆవాలకూ మెంతులకూ కూడా వర్తిస్తుంది.

పనుల క్రమం ఇలా పెట్టుకోండి. సీ లయన్ దీవిలో గదులు చాలా తక్కువ, నవంబరు నుంచి జనవరి దాకా తొందరగా నిండిపోతాయి. కాబట్టి మొదట గది ఖాయం చేసుకుని, ఆ తేదీలను బట్టి శనివారపు విమానం, ఆ తరువాతే భారతదేశం నుంచి శాంటియాగోకు టికెట్లు కొనండి. చిలీకీ ఫాక్లాండ్‌కూ వీసా నియమాలు వేరువేరుగా చూసుకోవాలి. ఒకటి వచ్చింది కదా అని రెండవదాన్ని వదిలేయకండి. స్టాన్లీలో ఒక్కటే ఆసుపత్రి ఉంది, పెద్ద చికిత్స కావాలంటే విమానంలో వేరే దేశానికి తరలిస్తారు. అందుకని అత్యవసర వైద్య తరలింపు ఖర్చు కలిసిన బీమా తప్పనిసరిగా ఉండాలి, మోకాళ్ల సంగతి దానిలో దాచకుండా రాయించాలి. చిన్న విమానంలో సామానుకు పరిమితి ఉంటుంది కాబట్టి, బరువైన కోట్లు ఒంటి మీద వేసుకుని, మిగతాది స్టాన్లీలో బస చేసిన చోట వదిలి వెళ్లవచ్చు. అయ్యవారికి నడక కర్ర ఉంటే దాని కొసను కూడా కడిగి ఎండబెట్టి తీసుకువెళ్లండి. మెగలానిక్ పెంగ్విన్లు బొరియలు తవ్విన నేల పైకి గట్టిగా కనిపించినా అడుగు పడగానే కూలుతుంది. గుర్తులు పెట్టిన బాట వదలకుండా, కర్రతో ముందు నొక్కి చూసి నడవమని ఆయనతో చెప్పండి.